కట్టడం కాంట్రాక్టులో గొడవొస్తే: ఆర్బిట్రేషన్ దారి, మొదటి నోటీసు నుంచి డబ్బు చేతికొచ్చేదాకా

రేణిగుంట రోడ్డు, అలిపిరి బైపాస్, తిరుచానూరు వైపు ఎటు చూసినా లాడ్జీలు, అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు లేస్తూనే ఉంటాయి. స్లాబులు పడినంత కాలం ఓనరూ కాంట్రాక్టరూ ఒక మాట మీదే ఉంటారు. ఫైనల్ బిల్లు దగ్గరకొచ్చేసరికి తేడా బయటపడుతుంది. "ఎక్స్‌ట్రా పనికి నాకింకా రావాల్సింది చాలా ఉంది" అని ఒకరంటే, "గోడలు చెమ్మ పడుతున్నాయి, ఆర్నెల్లు ఆలస్యం చేశావు, నువ్వే నాకు కట్టాలి" అని ఇంకొకరు. పెద్దమనుషుల దగ్గర రెండు మూడు సార్లు కూర్చుంటారు, తేలదు. అప్పుడు ఎవరో ఒకరు అగ్రిమెంటు చివరి పేజీ తిరగేసి "ఇక్కడ ఆర్బిట్రేషన్ అని ఏదో రాసుంది చూడండి" అంటారు.

ఆర్బిట్రేషన్ అంటే గొడవను కోర్టుకు బదులు ఆర్బిట్రేటరు అనే మధ్యవర్తి విని తేల్చడం, ఆయనిచ్చే తీర్పును అవార్డు అంటారు. ఇలాంటి గొడవలో రెండు పక్షాల్లో ఎటు ఉన్నా ఏం చేయాలో వరసగా చెప్తాను. లెక్కల కోసం ఒక ఊహా కేసు పెట్టుకుందాం: తిరుపతిలో ఒక లాడ్జి, కాంట్రాక్టరు అడిగేది 42 లక్షలు, ఓనరు ఎదురు అడిగేది 18 లక్షలు. దీనికి ఆధారం 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం. 2015, 2019, 2021లో దానికి సవరణలొచ్చాయి, కాబట్టి పాత పుస్తకం చూసి గడువులు లెక్కేసుకోకండి.

మొదటి అడుగు: క్లాజును అక్షరం అక్షరం చదవండి

ఆర్బిట్రేషన్‌కు పోవాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. సెక్షన్ 7 చెప్పేది అదే. అది అగ్రిమెంట్లోనే ఉండాలని లేదు, ఉత్తరాల్లోనో ఈమెయిళ్లలోనో ఇద్దరూ ఒప్పుకున్నట్టు కనిపించినా చాలు. నోటి మాట చెల్లదు. "కావాలంటే ఆర్బిట్రేషన్‌కు పోవచ్చు" లాంటి మెత్తటి వాక్యం ఉంటే, అసలు ఒప్పందమే కుదరలేదని అవతలివాళ్లు వాదిస్తారు.

ఒప్పందం ఉందని తేలాక చూడాల్సిన ముఖ్యమైన మాట 'సీటు', అంటే ఏ ఊరి కోర్టుల కింద ఆర్బిట్రేషన్ నడవాలో చెప్పే చోటు. శ్రీసిటీలో ఫ్యాక్టరీ షెడ్డు కట్టారనుకోండి, కంపెనీ వాళ్ల కాంట్రాక్టులో సీటు చెన్నై అని ఉంటే, ఆర్బిట్రేటరు నియామకం నుంచి అవార్డు మీద సవాలు దాకా కోర్టు పనంతా చెన్నైలోనే. షెడ్డు తిరుపతి జిల్లాలో ఉంది కదా అంటే కుదరదు. సంతకం పెట్టేటప్పుడు రేటు గురించి నాలుగు రోజులు బేరమాడే మన కాంట్రాక్టర్లు ఈ ఒక్క మాట దగ్గర తల ఊపేస్తారు.

ఆ తర్వాత, ఆర్బిట్రేషన్‌కు ముందు చేయాల్సినవి ఏమైనా రాశారా చూడండి. 'ముందు ఇంజనీరుకు రాయాలి, ఆయన ఇన్ని రోజుల్లో నిర్ణయం చెప్పాలి, నచ్చకపోతే ఇన్ని రోజుల్లో నోటీసివ్వాలి' అని మెట్లు ఉండొచ్చు. మెట్టు దాటేసి వెళితే మొదటి రోజే అభ్యంతరం ఎదురవుతుంది. ఇంజనీరు ఏం చెప్తాడో ముందే తెలిసినా సరే, ఆ ఉత్తరం రాసి పడేయండి.

స్టాంపు విషయం. సరైన స్టాంపు లేని కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నారని కంగారు పడొద్దు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం, స్టాంపు లోపం వల్ల ఒప్పందం రద్దయిపోదు, అది సరిదిద్దుకోగల లోపమే అని తేల్చింది. కట్టాల్సిన సుంకం, జరిమానా మాత్రం కట్టాల్సిందే.

ప్రభుత్వ పనులకు ఇంకో జాగ్రత్త. టెండరు షరతుల్లో ఆర్బిట్రేషన్‌ను చిన్న మొత్తాలకే పరిమితం చేసి, పైవాటికి సివిల్ కోర్టు అని రాయడం మామూలే. కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆర్బిట్రేషన్ క్లాజును 10 కోట్ల లోపు వివాదాలకే పెట్టడం మంచిదని తన శాఖలకు, సంస్థలకు చెప్పింది. అందుకని పక్క టెండర్లో ఉంది కదా అని మీ టెండర్లోనూ ఉందనుకోకండి.

రెండో అడుగు: ఖర్చు లెక్కేయండి, గడువు చూసుకోండి

ఆర్బిట్రేటరు ఫీజుకు చట్టంలోనే నాలుగో షెడ్యూలులో ఒక నమూనా పట్టిక ఉంది. 20 లక్షల నుంచి కోటి మధ్య వివాదమైతే 97,500 రూపాయలు, దానిపైన 20 లక్షలకు మించిన మొత్తం మీద 3 శాతం. ఒక్కరే ఆర్బిట్రేటరు అయితే ఆ ఫీజు మీద ఇంకో 25 శాతం. మన లాడ్జి కేసులో 42 లక్షలకు 1,63,500, పావు వంతు కలిపితే 2,04,375 రూపాయలు. ఓనరు 18 లక్షల కౌంటర్ క్లెయిమ్‌కు లెక్క వేరే: 90,500కు పావు వంతు కలిపి 1,13,125. క్లెయిమ్‌కూ కౌంటర్ క్లెయిమ్‌కూ ఫీజు విడివిడిగా లెక్కించవచ్చని, ఆర్బిట్రేటర్లు తమంతట తాము ఫీజు ఖరారు చేసుకోలేరని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. డిపాజిట్ ఇద్దరూ సగం సగం కట్టాలి. ఒకరు మొండికేస్తే రెండోవారే ఆ వాటా కూడా కట్టి కేసు నడిపించుకోవాల్సి వస్తుంది. లాయరు ఫీజు, హాలు అద్దె, కొలతల నిపుణుడి ఖర్చు వీటికి అదనం.

అందుకే నాలుగైదు లక్షల గొడవకు ముగ్గురు ఆర్బిట్రేటర్లను కూర్చోబెట్టడం నా దృష్టిలో తెలివితక్కువ పని. క్లాజులో ముగ్గురని ఉన్నా, ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుని ఒక్కరికి దిగొచ్చు. సెక్షన్ 29బి కింద ఆరు నెలల్లో ముగిసే ఫాస్ట్‌ట్రాక్ కూడా అడగొచ్చు. సొంతిల్లు కట్టించుకున్న ఓనరుకు మరో దారుంది. అగ్రిమెంట్లో ఆర్బిట్రేషన్ ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు పోదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. లాడ్జి, షాపింగ్ కాంప్లెక్సు లాంటి వ్యాపార కట్టడానికి ఆ దారి పట్టడం కష్టం.

గడువు మూడేళ్లు. డబ్బు చెల్లించాల్సిన రోజు నుంచో, ఒప్పందం తప్పిన రోజు నుంచో మొదలవుతుంది. మీరు పంపిన ఆర్బిట్రేషన్ నోటీసు అవతలివారికి చేరిన రోజుకు ఆగుతుంది. ఈ మధ్యలో "చూద్దాంలే, బ్రహ్మోత్సవాలు అయిపోనీండి" అంటూ నడిచే మాటలు గడువును ఆపవు. అవతలివారు బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చినా, కొంత మొత్తం చెల్లించినట్టు వారి చేతిరాతలోనో సంతకంతోనో ఆధారం ఉన్నా, అది గడువు లోపే జరిగుంటే, అక్కడి నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి.

మూడో అడుగు: కాగితాలు ఒక్కచోటికి చేర్చండి

కేసు నిలిచేదీ పడేదీ ఇక్కడే. హియరింగులో ఎంత బాగా మాట్లాడినా, సైట్లో రాసుకోని దాన్ని ఆర్బిట్రేటరు ఇవ్వలేడు.

ఎక్స్‌ట్రా పని సంగతే తీసుకోండి. ఓనరు సైట్‌కొచ్చి "సంపు ఇంకొంచెం లోతు తవ్వండన్నా, లెక్కలు తర్వాత చూసుకుందాం" అంటాడు. మేస్త్రీ తవ్విస్తాడు. ఏడాది తర్వాత ఆ మాట ఓనరుకు గుర్తుండదు, ఉన్నా ఒప్పుకోడు. ఆ సాయంత్రమే ఒక మెసేజ్ పంపి ఉంటే కథ వేరు: "సార్, ఈరోజు ఉదయం సైట్లో మీరు చెప్పినట్టు సంపు లోతు 8 అడుగుల నుంచి 11 అడుగులకు పెంచుతున్నాం. అదనపు తవ్వకం, కాంక్రీటు, స్టీలు కొలిచి వచ్చే బిల్లులో వేస్తాం." ఓనరు బొటనవేలు బొమ్మ పెట్టినా, ఏమీ అనకుండా పని సాగనిచ్చినా, మీ చేతిలో ఆధారం ఉన్నట్టే. పని చేయించుకుని లాభం పొందినవారు విలువ కట్టివ్వాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 చెప్తుంది, కానీ ఉచితంగా చేయలేదని చూపించాల్సింది మీరే. పైగా 'ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఎక్స్‌ట్రా చెల్లదు' అని అగ్రిమెంట్లో ఉంటే, ఆ మెసేజే మీకున్న ఒకే ఊతం.

కొలతల్లో వచ్చే గొడవలు ఇంకో రకం. చదరపు అడుగు రేటుకు ఒప్పుకున్నవాళ్లు బాల్కనీ సగం లెక్కా పూర్తి లెక్కా, లిఫ్టు గుంత వస్తుందా రాదా అని కొట్టుకుంటారు. మాటల్లో అంకణాల లెక్క నడిచి, కాగితం మీద చదరపు అడుగులు పడితే మరీ చిక్కు, అంకణం ఊరికో లెక్క కాబట్టి. ఒక్కో రకం పనికి విడి రేటుండే ఐటెమ్ రేటు పనుల్లో, కట్టడం కొలతలకున్న భారత ప్రమాణం ఐఎస్ 1200 ఆదుకుంటుంది. ప్లాస్టరింగ్‌లో కిటికీ, తలుపు ఖాళీలు 0.5 చదరపు మీటర్ల లోపైతే అసలు తీసేయరు, 0.5 నుంచి 3 చదరపు మీటర్లైతే ఒక వైపే తీసేస్తారు, అంతకు మించితే రెండు వైపులా. లాడ్జిలో అరవై గదులుంటే ఈ ఒక్క నియమం మీదే లక్షలు అటూ ఇటూ అవుతాయి. మీ అగ్రిమెంటు ఏ కొలత పద్ధతి చెప్పిందో, ఏమీ చెప్పకపోతే ఇంతకు ముందు రన్నింగ్ బిల్లుల్లో ఎలా కొలిచి చెల్లించారో తీసి పెట్టుకోండి. పాస్ చేసిన పాత బిల్లులే చాలాసార్లు కొలత పద్ధతికి సాక్ష్యం.

ఆలస్యం విషయంలో 'నవంబరు వానలు అందరికీ తెలిసినవే కదా' అంటే చాలదు. 2021 నవంబరులో తిరుపతి మునిగింది నిజమే. మీ సైట్లో ఏ రోజు నుంచి ఏ రోజు దాకా పునాది గుంతల్లో నీళ్లు నిలిచాయి, ఎంతమంది కూలీలు ఖాళీగా కూర్చున్నారు అన్నది రిజిస్టర్లో ఉండాలి. డ్రాయింగ్ ఆలస్యంగా ఇచ్చారా? అడిగిన ఈమెయిల్, వచ్చిన ఈమెయిల్ రెండూ కావాలి. గడువు పెంచమని అడిగిన ఉత్తరం లేకపోతే ఆలస్యమంతా మీ ఖాతాలో పడే ప్రమాదం ఉంది.

ఓనరు వైపు నుంచైతే నాణ్యత. 'కాంక్రీటు బాగోలేదు' అనే మాటకు విలువ లేదు. పోసిన రోజు తీసిన కాంక్రీటు క్యూబుల బలంపై 28 రోజుల పరీక్ష రిపోర్టులు, అవి లేకపోతే కట్టిన కాంక్రీటు నుంచి ముక్క తీసి చేసే కోర్ టెస్టు, చెమ్మ పట్టిన గోడల తేదీలతో ఫొటోలు, సరిచేయమని కాంట్రాక్టరుకు పంపిన నోటీసు, వేరేవాళ్లతో చేయించినందుకు జీఎస్టీ బిల్లులు కావాలి. కాంట్రాక్టరుకు బాగుచేసే అవకాశం ఇవ్వకుండా పగలగొట్టి మళ్లీ కట్టించుకుంటే కౌంటర్ క్లెయిమ్ సగం బలం పోగొట్టుకున్నట్టే.

ఒక మెలిక: 'ఫుల్ అండ్ ఫైనల్‌గా ముట్టింది, ఇక బాకీ లేదు' అని రాసి సంతకం పెట్టేసి ఉంటే తలుపులు మూసుకుపోయినట్టేనా? బలవంతం మీద, ఆ సంతకం లేకపోతే ఒప్పుకున్న డబ్బు కూడా ఇవ్వం అన్నందుకే పెట్టానని వెంటనే ఉత్తరం రాసి ఉంటే వాదనకు చోటుంది. ఏడాది ఊరుకుని అప్పుడంటే నమ్మేవారుండరు.

నాలుగో అడుగు: సైటు మారిపోకముందే

ఓనరు కొత్త కాంట్రాక్టరును దింపాడంటే రెండు వారాల్లో మీ పని మీద వాళ్ల పని పడిపోతుంది, ఇక ఎవరు ఎంత చేశారో దేవుడికే తెలియాలి. ముందు ఉమ్మడి కొలతలకు రమ్మని తేదీ ఇచ్చి నోటీసు పంపండి. రాకపోతే వీడియో తీస్తూ, ఇద్దరు సాక్షుల ముందు కొలిచి ఆ షీట్లను వాళ్లకు పంపండి. అంతకంటే గట్టి మార్గం సెక్షన్ 9. ఆర్బిట్రేషన్ మొదలవకముందే కోర్టుకెళ్లి, కోర్టు నియమించే లాయరుతో (అడ్వొకేటు కమిషనరు) సైటు కొలిపించమనో, బ్యాంకు గ్యారంటీ సొమ్ము చేసుకోకుండా ఆపమనో అడగొచ్చు. గ్యారంటీని ఆపడం మాత్రం అంత తేలిక కాదు, మోసం లాంటివి చూపించాల్సి ఉంటుంది. కోర్టు ఆర్డరిచ్చాక 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. నిర్మాణ కాంట్రాక్టు గొడవ 3 లక్షలు దాటితే కమర్షియల్ వివాదం కిందికొస్తుంది కనుక, ఏ కోర్టులో వేయాలో లాయరుతో ముందే తేల్చుకోండి.

అవతలివారే సివిల్ కోర్టులో దావా వేసేస్తే? సెక్షన్ 8 దరఖాస్తు వేసి ఆర్బిట్రేషన్‌కు పంపమనండి. మీ మొదటి జవాబు వేసేలోపే అడగాలి.

ఐదో అడుగు: సెక్షన్ 21 నోటీసు

ఆర్బిట్రేషన్ పుట్టేది ఈ కాగితంతోనే. అగ్రిమెంటు తేదీ, క్లాజు నంబరు, గొడవ ఏంటి, ఎంత రావాలి, ఎవరిని ఆర్బిట్రేటరుగా ప్రతిపాదిస్తున్నారు, 30 రోజుల్లో ఒప్పుకోమని కోరడం. ఇవన్నీ రెండు పేజీల్లో వస్తాయి. తిట్లు అక్కర్లేదు. అగ్రిమెంట్లో ఉన్న అడ్రసుకు స్పీడ్ పోస్టులో పంపి, ఈమెయిల్ కూడా చేయండి. చేరినట్టు ట్రాకింగ్ కాగితం ప్రింటు తీసి దాచండి, గడువు ఆగేది పంపిన రోజున కాదు, చేరిన రోజున.

ఆరో అడుగు: ఆర్బిట్రేటరు

పాత అగ్రిమెంట్లలో 'ఓనరు నియమించిన వ్యక్తే ఆర్బిట్రేటరు' అనో, 'మా ఆర్కిటెక్టు నిర్ణయమే తుది' అనో కనిపిస్తుంది. 2015 సవరణ తర్వాత ఒక పక్షం ఉద్యోగి, కన్సల్టెంటు లాంటివాళ్లు ఆ కుర్చీలో కూర్చోలేరు. అలాంటి సంబంధాల జాబితా ఏడో షెడ్యూలులో ఉంది. ఒక్కరే ఆర్బిట్రేటరును ఒక పక్షమే ఏకపక్షంగా పెట్టుకోవడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ రంగ కాంట్రాక్టుల్లో అలాంటి క్లాజులు సమానత్వానికి విరుద్ధమని 2024 నవంబరులో దాని రాజ్యాంగ ధర్మాసనం చెప్పాయి. గొడవ పుట్టాక ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే వేరే సంగతి.

30 రోజుల్లో జవాబు రాకపోతే సెక్షన్ 11 కింద హైకోర్టుకు వెళ్లాలి. సీటు తిరుపతో చిత్తూరో అయితే అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. మీరు పిటిషన్ వేసేదాకా నియమించకపోతే అవతలివారికి ఆ హక్కు పోతుంది.

ఎవరిని అడగాలి? చట్టపరమైన చిక్కులెక్కువైతే రిటైర్డ్ జిల్లా జడ్జి మేలు. గొడవంతా కొలతలు, రేట్ల మీదే అయితే నేను రిటైర్డ్ సూపరింటెండింగ్ ఇంజనీరు వైపే మొగ్గుతాను, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) చదవడం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. సంస్థ ద్వారా నడిపించుకోవాలంటే హైదరాబాదులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ఉంది.

మొదటి సిట్టింగులోనే భాష అడగండి. సెక్షన్ 22 ప్రకారం పక్షాలు భాష నిర్ణయించుకోవచ్చు. మేస్త్రీ, స్టోర్ కీపరు సాక్ష్యం చెప్పాల్సిన కేసులో తెలుగులో నడిపించుకోవడం ఎంతో మేలు.

ఏడో అడుగు: క్లెయిమ్, జవాబు, హియరింగ్

క్లెయిమ్ పత్రంలో ప్రతి పద్దుకూ నాలుగు విషయాలు పక్కపక్కన ఉండాలి: ఏం అడుగుతున్నారు, కాంట్రాక్టులో ఏ క్లాజు కింద, లెక్క ఎలా వచ్చింది, ఏ కాగితం రుజువు. మన 42 లక్షల్లో ఫైనల్ బిల్లు 19, ఎక్స్‌ట్రా పనులు 11, పట్టి ఉంచిన డిపాజిట్ 7, ఖాళీగా కూర్చున్న కాలానికి 5 అనుకోండి. మొదటి మూడూ కాగితాలతో నిలుస్తాయి. చివరిది చాలాసార్లు ఎగిరిపోతుంది, ఎందుకంటే సెంట్రింగ్ సామాను అద్దె రసీదులు, మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) ఎవరూ దాచరు. ఎలాగూ కోస్తారులే అని రెట్టింపు అడగకండి. ఫీజు పెరుగుతుంది, నమ్మకం తగ్గుతుంది.

ఆర్బిట్రేటరుకు అధికారమే లేదని చెప్పదలిస్తే జవాబు వేసేలోపే చెప్పాలి. క్లెయిమ్, జవాబు వేయడమంతా ఆరు నెలల్లో ముగియాలి. అది ముగిశాక 12 నెలల్లో అవార్డు రావాలి. ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో ఆరు నెలలు, ఆపైన కోర్టు అనుమతి. ఈ తేదీని డైరీలో రాసుకోండి, ఆర్బిట్రేటరు గుర్తుంచుకుంటాడని వదిలేయకండి.

సాక్ష్యాల చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్బిట్రేటరును కట్టిపడేయవు. అయినా వాట్సాప్ చాట్లు పెట్టేటప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేస్తే గొడవుండదు. పాత ఫోన్ మార్చేశారా? దాన్ని అమ్మకండి. కొలతల మీద పట్టు వీడకపోతే ఆర్బిట్రేటరును సైటుకు రమ్మని అడగండి. కారుతున్న బాత్రూమ్ గోడను ఒకసారి కళ్లారా చూడటం పది ఫొటోలకు సమానం.

మధ్యలో రాజీ కుదిరితే సెక్షన్ 30 కింద దాన్నే అవార్డుగా రాయించుకోండి. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న రాజీకి ఆ బలం ఉండదు, డబ్బు ఇవ్వకపోతే మళ్లీ మొదటికే.

ఎనిమిదో అడుగు: అవార్డు వచ్చాక

సంతకం చేసిన కాపీ అందిన రోజు రాసిపెట్టుకోండి. కూడికల్లో, టైపింగులో తప్పుంటే 30 రోజుల్లో దిద్దమనవచ్చు. అవార్డును రద్దు చేయమని సెక్షన్ 34 కింద సవాలు చేయడానికి మూడు నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా కోర్టు ఇవ్వలేదు. అక్కడ సాక్ష్యాలను మళ్లీ తూచరు. ఆర్బిట్రేటరు కాంట్రాక్టును చదివిన తీరు మీకు నచ్చకపోవడం కారణం కాదు. నోటీసు అందకపోవడం, వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకపోవడం, పైకే కనిపించే చట్టవిరుద్ధత లాంటివి ఉండాలి. కొన్ని పరిమిత సందర్భాల్లో కోర్టు అవార్డును సవరించనూ వచ్చని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

వడ్డీ మీద కన్నేయండి. అవార్డుకు ముందు కాలానికి వడ్డీ ఉండదని కాంట్రాక్టులో ఉంటే ఆర్బిట్రేటరు ఇవ్వలేడు. అవార్డు తర్వాతి కాలానికి అవార్డులో ఏమీ రాయకపోతే, అమల్లో ఉన్న వడ్డీ రేటు కంటే 2 శాతం ఎక్కువ నడుస్తుంది.

సవాలు పిటిషన్ వేసినంత మాత్రాన వసూలు ఆగదు. స్టే విడిగా తెచ్చుకోవాలి, డబ్బు అవార్డైతే కోర్టు మామూలుగా డిపాజిట్ కట్టమంటుంది. సవాలు గడువు దాటి స్టే లేకపోతే అవార్డును కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. ఓనరు లాడ్జి తిరుపతిలో, ఆస్తి చిత్తూరులో, బ్యాంకు ఖాతా వేలూరులో ఉన్నా, ఆస్తి ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే నేరుగా ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయవచ్చు, వేరే కోర్టు నుంచి బదిలీ తెచ్చుకోనక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి గడువు 12 ఏళ్లు. అయినా మొదటి వారంలోనే ఓనరు పేరున ఏ సర్వే నంబర్లున్నాయో ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) తీయించి, బిల్లులు చెల్లించిన పాత చెక్కుల మీది ఖాతా నంబర్లు లాయరుకు ఇవ్వండి. జప్తు అడగాల్సింది వాటి మీదే.